రాయడానికి ఏమీ తట్టనప్పుడు: ఒక మీటర్ రీడర్‌కు జవాబు

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక మండల కేంద్రం. వయసు ముప్పై రెండు. స్పాట్ బిల్లింగ్ చేస్తాను, అంటే ఇంటింటికీ తిరిగి కరెంటు మీటరు చూసి బిల్లు కొట్టివ్వడం. డిగ్రీలో ఉండగా రెండు కథలు రాశాను. ఒకటి వారపత్రికలో అచ్చయింది. ఆ తర్వాత ఒక్కటీ పూర్తి కాలేదు. రాత్రి అన్నం తిని నోట్‌బుక్ తెరిస్తే చాలు, టెన్షన్ మొదలవుతుంది. ఫోన్‌లో 'కథకు వంద ఐడియాలు' అని ఒక జాబితా దొరికితే మూడు నాలుగు రాసి చూశాను. ఏదీ నాది అనిపించలేదు. అసలు నా జీవితంలో జరిగేది ఏముంది? బండి, మీటర్లు, ఎండ. ప్రేరణ కలిగించే అభ్యాసాలు ఉంటే చెప్పండి. అయితే అలా రూల్స్ పెట్టుకుని రాస్తే లెక్క చేసినట్టు ఉండదా? ఇంకో మాట, మా ఊరి భాషలో రాయొచ్చా? రోజుకు అరగంట మించి దొరకదు.

జవాబు:

'నా జీవితంలో జరిగేది ఏముంది' అన్న మాట దగ్గరే నాకు మీతో పేచీ ఉంది. ఊళ్లో ప్రతి గడపా నెలకోసారి తొక్కే మనిషి మీరు. పోస్ట్‌మన్ కూడా ఉత్తరం ఉన్న ఇంటికే వెళ్తాడు, మీరు అన్ని ఇళ్లకూ వెళ్తారు. ఏ ఇంట్లో ఫ్రిజ్ కొత్తగా వచ్చింది, ఏ ఇంట్లో కూలర్ మూలపడింది, ఎవరు ఊరు విడిచి వెళ్లారు, ఎవరు తిరిగొచ్చారు, ఇవన్నీ పక్కింటివాళ్ల కంటే ముందు మీ బిల్లింగ్ మిషన్‌కు తెలుస్తాయి. సరుకు లేకపోవడం మీ సమస్య కాదు. సరుకు అంతా ఒకే రంగులో కనబడుతోంది. రోజూ చూసేది ఎవరికైనా అలాగే కనబడుతుంది. దాన్ని కొంచెం పక్కకు జరిపి చూసే ఏర్పాటు ఒకటి కావాలి. అభ్యాసాలు చేసే పని అదే, అంతకంటే మహిమ వాటికేం లేదు.

ఆ వంద ఐడియాల జాబితా ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే తెలుస్తుంది. మంచు కురిసే రాత్రి, నిర్మానుష్యమైన రైల్వే స్టేషన్, బెంచీ మీద ఎవరో మరచిపోయిన ఎర్ర సూట్‌కేసు. బాగానే ఉంది. కానీ మీ మండలంలో మంచు ఎక్కడ కురిసింది? ఆ సూట్‌కేసు తెరిస్తే అందులో ఏముంటుందో మీరు సినిమాలు చూసి చెప్పాలే తప్ప, సొంతంగా చెప్పలేరు. ఇలాంటి జాబితాలను నేను పూర్తిగా కొట్టిపారేయను. కానీ వాటిలో నియమమూ వస్తువూ రెండూ బయటివాళ్లవే. నియమం బయటినుంచి రావొచ్చు, వస్తువు మాత్రం మీదై ఉండాలి.

ప్రేరణ కోసం ఎదురుచూడటం గురించి ఒక పాత సంగతి చెబుతాను. 1816 వేసవిలో స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున, కవి బైరన్ అద్దెకు తీసుకున్న ఇంట్లో కొందరు స్నేహితులు చేరారు. అంతకుముందు ఏడాది ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద ఆకాశాన్ని కమ్మడంతో యూరప్‌లో ఆ ఏడు ఎండాకాలమే సరిగా రాలేదు. వానలకు బయటికి వెళ్లలేక అందరం తలా ఒక దెయ్యం కథ రాద్దాం అని బైరన్ పందెం పెట్టాడు. వాళ్లలో పద్దెనిమిదేళ్ల మేరీ (తర్వాత మేరీ షెల్లీ) ఒకామె. ప్రతి ఉదయం 'కథ తట్టిందా?' అని అడిగేవారట, 'లేదు' అని చెప్పడానికి తనకు చిన్నతనంగా ఉండేదని తర్వాత ఆమే రాసుకుంది. ఆఖరికి ఆమెకు కథ ఎక్కడ దొరికింది? ఆ ఇంట్లో రాత్రుళ్లు మగవాళ్లు ప్రాణం అంటే ఏమిటి, చచ్చిన శరీరాన్ని మళ్లీ కదిలించవచ్చా అని మాట్లాడుకుంటుంటే ఆమె పక్కన కూర్చుని, ఎక్కువ మాట్లాడకుండా వింటూ ఉండేది. ఆ మాటల్లోంచి దొరికింది. అదే 1818లో అచ్చయిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల.

ఇందులో మీకు పనికొచ్చేవి రెండున్నాయి. 'ఏదైనా రాయి' అని ఉంటే ఆమెకూ తట్టేది కాదేమో, 'దెయ్యం కథే' అన్న కట్టడి ఉంది. ఆ కట్టడిలో పడిందేమో, ఆమె సొంత చెవిన పడ్డ మాటలు. మీ నోట్‌బుక్ ముందు టెన్షన్ రావడానికి కారణం 'ఏదైనా' అన్న స్వేచ్ఛే అని నా అనుమానం.

'రూల్స్ పెట్టుకుంటే లెక్క చేసినట్టు ఉండదా' అని అడిగారు. తెలుగువాళ్లం ఈ ప్రశ్న అడిగితే కాస్త నవ్వొస్తుంది. అవధానం మనది, అడిగిందానికి అక్కడికక్కడే పద్యం చెప్పడం. ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్లు, చుట్టూ కూర్చుని తలా ఒక అడ్డంకి పెడతారు. ఒకరు ఈ అక్షరం వాడొద్దంటారు, ఒకరు ఈ నాలుగు మాటలూ రావాల్సిందే అంటారు, ఒకరు అర్థం లేని పాదం ఇచ్చి దానికి అర్థం తెమ్మంటారు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి వచ్చి పిచ్చి ప్రశ్నలతో చెడగొడతాడు (ఆ పాత్రకు మీ ఇంట్లోనూ కొదవ ఉండదనుకుంటాను). 'నాకింకా ప్రేరణ కలగలేదు, రేపు రండి' అని ఏ అవధానీ అనడు. తిరుపతి వేంకట కవులు వందేళ్లకు ముందే ఊరూరా తిరిగి జనం మధ్య ఇది చేసి చూపించారు. పెదవులు తగిలే అక్షరం ఒక్కటీ లేకుండా రామకథ మొత్తం రాసిన కవి ఉన్నాడు మనకు. 'మ' పలకాలంటే పెదవులు కలవాలి కదా, అంటే కథానాయకుడి పేరే వాడకూడదు. అందుకే ఆ కావ్యం పేరు దశరథరాజనందన చరిత్ర అయింది. కట్టడి లేకపోతే ఆ పేరు పుట్టేది కాదు.

అవధానంలో వచ్చేవన్నీ గొప్ప కవిత్వం అని నేననను. చాలావరకు చమత్కారమే. కానీ ఆ పృచ్ఛకులను వచనంలోకి తెచ్చుకుంటే కథ రాసేవాడికి వాళ్లంత మంచి స్నేహితులు లేరు. నేను ముగ్గురిని మాత్రం మీకు అప్పగిస్తాను.

మొదట దత్తపది. పృచ్ఛకుడు నాలుగు మాటలిస్తాడు, అవి మామూలు అర్థంలో కాకుండా పద్యంలో ఇమిడిపోవాలి. సరదాకి ఒక టిఫిన్ సెంటర్ బోర్డు తీసుకుందాం. వడ, పూరి, దోసె, అట్టు. వీటితో ఆకలి గురించి రాయమన్నారనుకోండి. వడగాలి. పూరిగుడిసె. దోసెడు నూకలు. అట్టుడికిపోతున్న ఊరు. చూశారా, నాలుగు ఫలహారాలు మాయమై ఒక కరువు వచ్చి కూర్చుంది. గుడిసె ముందు దోసెడు నూకలతో నిలబడ్డ మనిషి ఎవరో నాకు తెలియదు. కానీ తెలుసుకోవాలని ఉంది. నాలుగు నిమిషాల కింద ఆ మనిషి లేదు.

మీరు మాటల బదులు వస్తువులు తీసుకోండి. ఆ రోజు నాలుగు ఇళ్లలో చూసిన నాలుగు వస్తువులు, ఇంటికొకటి. ఉదాహరణకు గోడకు తగిలించిన పాత హెల్మెట్, గుమ్మంలో ఆరేసిన స్కూలు బూట్లు ఒకే ఒక్క జత, మీటరు బోర్డు మీద పెట్టిన మందుల చీటీ, అంగడినుంచి తెచ్చి వాకిట్లో మేకుకు కట్టిన, ఇంకా తాడు విప్పని మేకపిల్ల. ఈ నాలుగూ ఒకే ఇంట్లో ఉన్నాయనుకోండి. నియమం ఏమిటంటే ఒక్కటీ ఊరికే అలంకారానికి ఉండకూడదు, ప్రతిదానితో ఎవరో ఒకరికి అవసరం పడాలి. అరపేజీ రాయండి. హెల్మెట్ ఎవరిదో, అది ఎందుకు గోడమీదే ఉందో రాయకుండా మీ చెయ్యి ఆగదు.

రెండోవాడు నిషిద్ధాక్షరి. నా లెక్కలో మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇతనే. అవధానంలో అక్షరాలు నిషేధిస్తారు, మీరు మాటలు నిషేధించుకోండి. ఒక చీటీ మీద రాసి గోడకు అంటించండి: బాధ, సంతోషం, ఒంటరితనం, ప్రేమ, గుండె, కన్నీళ్లు, చిరునవ్వు, మౌనం, ఒక్కసారిగా, ఎందుకో తెలియదు. ఇవి లేకుండా ఒక సన్నివేశం రాయాలి.

చేసి చూపిస్తాను. బిల్లు కొట్టే కుర్రాడు ఒక ముసలమ్మ ఇంటికి వెళ్లాడు, భర్త పోయాడు, పిల్లలు దగ్గర లేరు. నిషేధం లేకపోతే మనందరి చేతికీ ముందు వచ్చేది ఇలా ఉంటుంది:

'ఆమె ముఖంలో చెప్పలేని ఒంటరితనం. నన్ను చూడగానే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. ఎందుకో తెలియదు, నా గుండె బరువెక్కింది.'

ఇందులో ముసలమ్మ లేదు, కుర్రాడూ లేడు. ఏ కథలో అయినా పెట్టుకోవచ్చు. ఇప్పుడు చీటీ చూసుకుంటూ:

'బిల్లు చింపి ఇచ్చాను. ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది.
"జీరోనే కద బిడ్డా?"
"జీరోనే అమ్మా."
"పేరు ఎవరిది పడ్డది?"
"రాజయ్య అని ఉంది."
బండి స్టాండు తీశాను.
"మల్ల సదువు" అంది.'

పాత తరం ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో పలకరు. కనెక్షన్ ఇంకా ఆయన పేరనే ఉంది. నెలకోసారి ఆ పేరు బయటికి వినబడేది ఈ కుర్రాడి నోటే. నిషేధించిన మాట ఒక్కటీ రాలేదు, కానీ చదివేవాడికి ఏమీ తక్కువ కాలేదు. ఈ ముక్క కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే వచ్చేది కాదు. ఒంటరితనం అని రాయడానికి వీల్లేక, ఆమె ఏం చేస్తుంది, ఏం అడుగుతుంది అని వెతకాల్సి వచ్చింది. వెతికితే బిల్లు మీద పేరు ఉంటుందన్న సంగతి గుర్తొచ్చింది. అది నాకంటే మీకు బాగా తెలిసిన సంగతి.

ఇది ఇంకా కథ కాదు, సన్నివేశమే. కథ ఎప్పుడవుతుందో తర్వాత చెబుతాను.

మూడోవాడు సమస్య. 'కుంజర యూథంబు దోమ కుత్తుక జొచ్చెన్' అని తెనాలి రామకృష్ణుడికి ఇచ్చారని చెప్పుకునే సమస్య మీరు చదివే ఉంటారు. ఏనుగుల మంద దోమ గొంతులో దూరడం ఏమిటి? పాండవులంతటి వాళ్లు విరాటరాజు కొలువులో ఊడిగం చేయాల్సి రావడమే అది అన్నాడట. అసాధ్యంగా కనబడే వాక్యం తీసుకుని, అది సాధ్యమయ్యే పరిస్థితిని కట్టడం. కథకుడి పని మొత్తం ఇందులో ఉంది.

మీకు సమస్యలు ఇవ్వడానికి వేరే పృచ్ఛకుడు అక్కర్లేదు, మిషన్ ఉంది. ఇదిగో ఒకటి: 'తాళం వేసిన ఇంట్లో నెలనెలా ఆరేడు యూనిట్లు కాలుతున్నాయి.' మీటరు వసారా గోడకు ఉంది కాబట్టి మీకు కనబడుతుంది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. రీడింగ్ మాత్రం ఒక నెల ఆరు, ఒక నెల ఏడు. ఎవరు కాలుస్తున్నారు?

మొదట తట్టే జవాబు కరెంటు దొంగతనం, లేదా దెయ్యం. పక్కన పడేయండి. అది అందరికీ తడుతుంది. రెండోది, ఎవరో స్విచ్ ఆపడం మరచిపోయారు. అది నిజమే కావొచ్చు, కానీ కథ లేదు. నేను చెప్పే నియమం ఒకటే: మూడో జవాబు వచ్చేదాకా కలం పెట్టొద్దు. అది రావడానికి కాస్త లెక్క సాయం చేస్తుంది. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు రాత్రీపగలూ నెలంతా వెలిగితే దాదాపు ఆరున్నర యూనిట్లు. అంటే ఇంట్లో ఒకే ఒక్క బల్బు వెలుగుతోంది. ఏ గదిలో? దేవుడి గదిలో అనుకుందాం. ఎవరు వేసి వెళ్లారు? హైదరాబాద్‌లో కూతురింటికి 'పది రోజులు ఉండొస్తా' అని వెళ్లిన తల్లి. ఇంట్లో దీపం లేకుండా ఉండకూడదని, నూనె దీపం ఎన్నాళ్లుంటుంది అని బల్బు వేసి వెళ్లింది. రెండేళ్లయింది. ఇక తిరిగి రాదని కూతురికి తెలుసు, ఊరికి తెలుసు. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ఆరు యూనిట్ల ఇంటి కథ ఇది.

ఒక నెల రీడింగ్ కదల్లేదు. బల్బు మాడింది. ఈ సంగతి తెలిసింది ఊరు మొత్తమ్మీద ఒక్కరికే, బిల్లు కొట్టే కుర్రాడికి. ఆమె ఫోన్ నంబరు పక్కింట్లో దొరుకుతుంది. చేస్తాడా? చేసి ఏమంటాడు? నేను రాస్తే ఇక్కడినుంచే మొదలుపెడతాను, దానికి ముందున్న రెండేళ్ల సంగతి ఫోన్‌లో మాటల మధ్య దానంతటదే వస్తుంది. ఇది ఉదాహరణకు చెప్పిందే కాబట్టి మీరు దీన్నే రాయొద్దు, మీ మిషన్‌లోంచి ఇంకోటి తీయండి. మీటరు తిరగని ఇంట్లో రాత్రంతా టీవీ చప్పుడు. ఇద్దరే ఉన్న ఇంట్లో ఒక్క నెలకు నాలుగొందల యూనిట్లు. మీకు తెలిసినన్ని నాకెలా తెలుస్తాయి?

పృచ్ఛకులు అయ్యారు. ఒక విదేశీ కిటుకు కూడా ఉంది, మన బడి చదువుకు భలే అతుకుతుంది. జానీ రోడారీ అని ఇటలీలో పిల్లల రచయిత. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మాటలు పక్కపక్కన పెట్టి, వాటి మధ్య విభక్తులు మారుస్తూ పోతే కథలు పుడతాయని 1973లో వచ్చిన పుస్తకంలో రాశాడు. అతని ఉదాహరణ కుక్క, బీరువా. బీరువాలో కుక్క, కుక్క మీద బీరువా, కుక్కకో బీరువా, ఇలా. డు ము వు లు దగ్గరనుంచి అందున్ నన్ దాకా చిన్నప్పుడు మనం కంఠతా పట్టినవి చివరికి ఇలా అక్కరకొస్తాయి. మీకు మీటరు, పెళ్లి అని రెండు ఇస్తాను. పెళ్లిలో మీటరు: ఫంక్షన్ హాల్ కరెంటు బిల్లు ఎవరు కట్టాలని ఇరువైపులవాళ్ల పంచాయితీ. మామూలే. పెళ్లి వలన మీటరు: తమ్ముడికి పెళ్లయింది, ఆర్నెల్లలో వంటలు వేరయ్యాయి, ఒకే గోడకు రెండో మీటరు వచ్చింది. బాగుంది, ఇలాంటి గోడలు మీరు చాలా చూసి ఉంటారు. పెళ్లి కొరకు మీటరు: అమ్మాయివాళ్లు 'అబ్బాయికి సొంత ఇల్లుందా' అంటే, ఉన్న ఒక్క ఇంటినే రెండుగా చూపించడానికి అన్నదమ్ములు హడావిడిగా రెండో మీటరుకు దరఖాస్తు పెట్టారు. ఇందులో నాకు అబద్ధం కనబడింది, అబద్ధం ఉన్నచోట కథ తొందరగా నడుస్తుంది. విభక్తి మార్చడానికి పట్టింది అరనిమిషం.

మిగిలినవి చాలామంది చెబుతారు కాబట్టి క్లుప్తంగా అనేస్తాను. నచ్చిన కథలో ఒక పేజీ చేత్తో ఎత్తి రాయడం మంచిది, వాక్యం ఎక్కడ ఆగిందో చేతికి తెలుస్తుంది. ఫోటో చూసి కథ రాయడం నా మటుకు నాకు అంత ఉపయోగం అనిపించదు, అందరూ ఫోటోను వర్ణిస్తూ ఆగిపోతారు. టైమర్ పెట్టుకుని పది నిమిషాలు ఆపకుండా రాయడం మీలాంటి టెన్షన్ మనిషికి పనికొస్తుంది, కానీ రాసిందాన్ని మర్నాడు చదవకండి, వారం తర్వాత చదవండి.

ఇక సన్నివేశం కథ ఎప్పుడవుతుంది? ఎవరికో ఏదో కావాలి, అది ఇవ్వడానికి ఇంకొకరికి ఇష్టం ఉండదు. అప్పుడు అవుతుంది. రాజయ్య బిల్లు సంగతే తీసుకోండి. కొడుకు సెలవు మీద వచ్చాడు. 'నాయిన పోయి మూడేళ్లు, కనెక్షన్ నా పేర మార్పిద్దాం' అన్నాడు. అతని వైపునుంచి అది బాధ్యత. తల్లి 'ఏం తొందర' అంటుంది. కారణం చెప్పదు, చెప్పాలంటే ఆ పేరు పలకాలి. మధ్యలో కొడుకు మిమ్మల్ని పిలిచి 'దీనికి ఏ కాగితాలు కావాలి అన్నా?' అని అడుగుతాడు. మీకు రెండు వైపులా తెలుసు. ఇక మీరు ఆగలేరు.

లేదంటే గృహజ్యోతి తీసుకోండి. 2024 మార్చి నుంచి తెలంగాణలో నెలకు 200 యూనిట్ల లోపు కాల్చిన అర్హులకు జీరో బిల్లు వస్తోంది, దాటితే బిల్లు కట్టాలి. మే నెల, కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చింది, బాలింత గదిలో కూలర్ తప్పదు. రీడింగ్ తీయడానికి నాలుగు రోజులుంది, ఇప్పటికే 188. అత్తగారు ఫ్రిజ్ ఆపమంటుంది, కోడలు ఆపితే పాలు విరుగుతాయంటుంది, తండ్రి రోజూ పొద్దున్నే చెప్పులు లేకుండా వెళ్లి మీటరు చూసి వస్తాడు. కావలసినవి ఉన్నాయి, అడ్డు ఉంది, గడువు కూడా ఉంది. ఈ కథ మీరు తప్ప ఇంకెవరు రాసినా తప్పులు రాస్తారు.

ఒక జాగ్రత్త. అభ్యాసంలో రాసిందాన్ని వెంటనే వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. 'సూపర్ బ్రో' అని పది బొటనవేళ్లు వస్తాయి, ఆ ముక్క అక్కడితో తృప్తిపడి చచ్చిపోతుంది. పత్రికకు పంపేది కూడా అభ్యాసాన్ని కాదు, దాన్నుంచి పెరిగిన కథను. పదిసార్లు చేస్తే ఒకటి పెరగొచ్చు. మిగతా తొమ్మిదీ వృథా అనుకోకండి, వాటిలో మనుషులు తర్వాత వేరే కథలోకి నడిచి వస్తారు.

మీ ఊరి భాష గురించి. రాయొచ్చా అని అడగడమే నాకు వింతగా ఉంది. తెలంగాణ రచయితలు ఎంతోమంది సంభాషణలే కాదు, కథ మొత్తం అక్కడి భాషలో రాశారు, రాస్తున్నారు. నా సలహా అల్లా ఒక్కటే. పాత్రల నోట మీ భాష ఎలా వస్తే అలా రాయండి. కథ చెప్పే గొంతు ఎవరిదో ముందే తేల్చుకోండి. చెప్పేది బిల్లు కుర్రాడే అయితే అతను 'ఆమె ఆవేదనకు లోనయింది' అనడు. పేజీకో 'గిట్ల' 'గట్ల' చల్లి మాండలికం అనిపించడం మాత్రం వద్దు, మీ ఊరివాళ్లే ముందు పట్టుకుంటారు. రాశాక మీ అమ్మగారికి చదివి వినిపించండి. ఆమె మధ్యలో ఆపి 'గట్ల ఎవరన్న అంటరా?' అన్నచోటల్లా గీత పెట్టుకోండి.

ఇంకో విషయం మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. మీరు జనం గడపల్లోకి వెళ్లేది ఉద్యోగం మీద, నమ్మి రానిస్తున్నారు. సర్వీస్ నంబర్లు, ఇంటిపేర్లు, ఫలానా వీధిలో మూడో ఇల్లు, ఇవేవీ కథలోకి రాకూడదు. ఎవరి బిల్లు ఎంతన్నది కూడా నోట్‌బుక్‌లో పేరుతో రాసుకోవద్దు. ఒక ఇంటి హెల్మెట్‌నూ ఇంకో ఇంటి మేకపిల్లనూ కలిపే దత్తపది ఇక్కడ కూడా పనికొస్తుంది. నాలుగు ఇళ్లు కలిస్తే అది ఎవరి ఇల్లూ కాదు. మనిషి వయసో, పనో, వాళ్లకూ వీళ్లకూ ఉన్న చుట్టరికమో మార్చండి. మార్చాక కూడా చదివి 'ఇది మా ఇంటి సంగతే' అని ఫలానావాళ్లు నొచ్చుకుంటారు అనిపిస్తే, ఆ కథను కొన్నేళ్లు పెట్టెలో ఉంచండి.

అరగంట సరిపోతుందా అంటే, సరిపోతుంది, కానీ రాత్రి అన్నం తిన్నాక కాదు. రోజంతా ఎండలో తిరిగిన మనిషికి ఆ వేళ మిగిలేది నిద్రే. చూసింది చూసినచోటే ఫోన్‌లో రెండు ముక్కలు రికార్డు చేసి పెట్టుకోండి: 'గోడమీద హెల్మెట్, దుమ్ము లేదు, రోజూ తుడుస్తున్నారు.' అంతే. పొద్దున టీ తాగేటప్పుడు ఆ రికార్డు విని అరగంట రాయండి. మీ పని నెలలో కొన్నాళ్లు ముమ్మరంగా ఉండి తర్వాత కాస్త తగ్గుతుందనుకుంటాను. బిల్లింగ్ రోజుల్లో సేకరణ మాత్రమే, దత్తపదికి వస్తువులు, సమస్యకు రీడింగులు. రాయలేదని అప్పుడు తిట్టుకోకండి. బిల్లింగ్ అయ్యాక మొదటి వారం నిషిద్ధాక్షరి రోజుకొకటి, పేజీ దాటకుండా. రెండో వారం వాటిలో ఏది మిమ్మల్ని బండి మీద వెళ్తున్నప్పుడు కూడా వదలడం లేదో దాన్ని ఒక్కటే తీసుకుని, ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డం అని రాసుకుని కథ మొదలుపెట్టండి. మిగతావి అలాగే ఉంచండి. మొదటి వాక్యం కోసం కూర్చోకండి, మధ్యలోంచి రాయండి. గురజాడ 1910లో దిద్దుబాటు కథను మొదలుపెట్టింది రాత్రి ఒంటిగంటకు భర్త 'తలుపు! తలుపు!' అని పిలవడంతో. ఎవరు, ఎక్కడినుంచి వచ్చాడు, లోపల ఎవరున్నారు, ఇవన్నీ ఆ తర్వాతే తెలుస్తాయి. ఇలా తలుపు కొట్టి పిలవడం మీకు ఒకరు నేర్పాల్సిన పని కాదు.

కథ పూర్తయితే పత్రికకు పంపే ముందు నాకు పంపొచ్చు. చేతిరాత అయినా ఫర్వాలేదు, ఫోటో మాత్రం నీడ పడకుండా తీయండి.